దగ్గరి జాతుల స్లైడ్ల పెట్టె: కోతలు మేలైనవి, చీటీలు చాలవు

ఒకే ప్రజాతికి (జీనస్) చెందిన దగ్గరి జాతులను ఆకుల అడ్డుకోతల్లోనూ, ఒలిచిన బాహ్యచర్మంలోనూ పక్కపక్కన చూపేందుకు తయారుచేసిన శాశ్వత సూక్ష్మదర్శిని స్లైడ్ల పెట్టె ఇది. కోతల నాణ్యతకు వంక పెట్టలేము. సాఫ్రనిన్ పట్టిన దారునాళాలు ఎర్రగా, ఫాస్ట్ గ్రీన్ పట్టిన పలుచని గోడల కణాలు ఆకుపచ్చగా, ఒక రంగు మరొకదానిలోకి దిగకుండా తేటగా కనిపిస్తాయి.

పెట్టె మొత్తంలో నాకు అత్యంత విలువైనదిగా తోచింది పైన్ సూదుల జత. పైనస్ సిల్వెస్ట్రిస్, పైనస్ నైగ్రా రెండింటికీ సూదులు రెండేసి చొప్పున వస్తాయి, రెండింటి అడ్డుకోతలోనూ జంట నాళికాపుంజాలే (నీటిని, ఆహారాన్ని మోసే నాళాల కట్టలు) ఉంటాయి. కాబట్టి సూది ముక్క ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు పైచూపుతో తేల్చడం కష్టం. రెసిన్ నాళాలు ఎక్కడున్నాయో చూస్తే చిక్కు విడిపోతుంది. సిల్వెస్ట్రిస్‌లో అవి అధశ్చర్మాన్ని (బాహ్యచర్మం కిందనే ఉండే పొర) ఆనుకుని అంచునే ఉంటాయి. నైగ్రాలో లోపలికి జరిగి, చుట్టూ పత్రాంతర కణాలతో (ఆకు లోపలి పచ్చని కణజాలం) ఉంటాయి. ఈ తేడా ఇంత స్పష్టంగా పడిన కోతలు తరగతి గదిలో అరుదుగా దొరుకుతాయి. ఏట్రిప్లెక్స్ అనే మొక్కల జత కూడా బాగుంది (సి4, సి3 అన్నవి కిరణజన్య సంయోగక్రియలో కార్బన్‌ను పట్టే రెండు పద్ధతులు): సి4 మొక్క అయిన రోజియాలో హరితరేణువులతో నిండిన పెద్ద తొడుగు కణాలు నాళికాపుంజాన్ని చుట్టి ఉంటాయి, సి3 మొక్క అయిన ప్రాస్ట్రేటాలో ఆ వలయం కనిపించదు.

నేల ఉసిరి ప్రజాతి అయిన ఫిల్లాంథస్ స్లైడ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెట్టె తన ఉద్దేశాన్నే మరిచిపోయింది. చీటీ మీద 'ఫిల్లాంథస్ ఆకు' అని మాత్రమే ఉంది. జాతి పేరు లేదు, ఒలిచిన పొర ఆకు పైభాగానిదో అడుగుభాగానిదో రాయలేదు. పత్రరంధ్రాల సాంద్రత వెలుతురును బట్టి, ఆకులోని చోటును బట్టి మారిపోతుంది. అందుకే 1927లో వృక్షశాస్త్రజ్ఞుడు సాలిస్‌బరీ ప్రతిపాదించిన పత్రరంధ్ర సూచికను (బాహ్యచర్మ కణాలు, పత్రరంధ్రాలు కలిపిన మొత్తంలో పత్రరంధ్రాల శాతం) పోలికకు ఎక్కువగా నమ్ముతారు. అయితే ఆ లెక్కకైనా ఏ జాతి, ఏ ఉపరితలం అన్నది తెలియాలి కదా.

నిజానికి నేల ఉసిరిగా పిలిచే ఈ చిన్న మొక్కల విషయంలో బాహ్యస్వరూపమే త్వరగా దారి చూపుతుంది. ఫిల్లాంథస్ అమారస్ పువ్వుకు పరిపత్రాలు (పువ్వు వెలుపలి రేకులు) అయిదు, కాయ నున్నగా ఉంటుంది. ఫిల్లాంథస్ యూరినేరియాకు పరిపత్రాలు ఆరు, కాయ మీద బొడిపెలుంటాయి. పది రెట్ల చేతి కటకం కింద విత్తనం పెడితే అమారస్‌లో నిలువు గట్లు, యూరినేరియాలో అడ్డు గట్లు కనిపిస్తాయి. మూలికగా వాడే మొక్కలో ఒకటి పోయి మరొకటి కలిసే అవకాశం ఉన్నప్పుడు ఈ వివరం ఎంతో అవసరం. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకంలో దీని ప్రస్తావనే లేదు. కోతలు తీయడంలో చూపిన శ్రద్ధలో కొంతైనా ఆ పుస్తకం మీద పెట్టి ఉండవలసింది.

పైన్, ఏట్రిప్లెక్స్ జతల కోసమైతే ఈ పెట్టెను నిస్సందేహంగా తీసుకోవచ్చు. కొనేముందు మాత్రం ప్రతి స్లైడు చీటీ ఫొటోనూ అడిగి చూడండి. జాతి పేరు, పొర ఒలిచిన ఉపరితలం రాసి పంపేవరకు ఫిల్లాంథస్ స్లైడ్లను జాతుల గుర్తింపు పాఠానికి వాడవద్దనే చెబుతాను; పత్రరంధ్రాల ఆకారం చూపించడానికైతే అవి సరిపోతాయి.