డెల్ ఆప్టిప్లెక్స్ 3020: ఇంట్లో వెబ్ సర్వర్‌గా ఎంత పనికొస్తుంది?

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది, నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా లేదు. అట్ల ఆఫీసులు పక్కన పెట్టేసిన కంప్యూటర్ డబ్బాల్లో మేం గట్టిగా చెప్పేది నాలుగో తరం ఐ5-4590 ఉన్న చిన్న సైజు ఆప్టిప్లెక్స్ 3020 గురించే. సొంత వెబ్‌సైటు, ఇంటి ఫొటోల బ్యాకప్, దుకాణం లెక్కల పేజీ, ఇవన్నీ కలిపి పెట్టినా దానికి బరువు కాదు.

ముందు కరెంటు లెక్క చూడండి. పనిలేనప్పుడు ఇది దాదాపు 25 వాట్లు లాగుతుంది. అంటే రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 18 యూనిట్లు. పాత పెంటియం 4 అయితే 80 వాట్ల దాకా పోతుంది, నెలకు 58 యూనిట్లు. తెలంగాణ గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇంట్లో, కూలర్లు తిరిగే ఏప్రిల్, మే నెలల్లో ఈ తేడాయే గీత దాటిస్తుంది. పెంటియం 4 ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

కొన్న రోజే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి. చాలామంది దీన్నే వదిలేస్తారు. బ్యాటరీ అయిపోయిన డబ్బా కరెంటు పోయి వచ్చాక గడియారం మర్చిపోతుంది, ఎఫ్1 నొక్కమని తెర మీద ఆగిపోతుంది. మానిటర్ లేని సర్వర్‌కు ఎఫ్1 నొక్కేదెవరు? ఒకవేళ దాటి బూట్ అయినా తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు (సైటు అసలుదేనని చెప్పే గుర్తింపు పత్రాలు) చెల్లవంటుంది. బ్యాటరీ వేసి, ఎఫ్2తో బయోస్‌లోకి (కంప్యూటర్ మొదటి సెట్టింగుల పేజీ) పోయి, పవర్ మేనేజ్‌మెంట్ కింద ఏసీ రికవరీని 'పవర్ ఆన్'కు మార్చండి. కరెంటు రాగానే దానంతట అదే లేస్తుంది.

మూత తీశాం కాబట్టి దుబ్బ కూడా దులిపేయాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల దిక్కు ఊక దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య నమ్దాలా పేరుకుంటుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో పట్టుకోండి, లేకుంటే మితిమీరి తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఎండిన థర్మల్ పేస్ట్ తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. రేకుల కప్పు కింద, అటక మీద మాత్రం డబ్బాను పెట్టొద్దు.

ర్యామ్ 8 జీబీ చాలు (డీడీఆర్3, రెండు స్లాట్లు, గరిష్ఠం 16). పాత హార్డ్ డిస్క్ తీసి 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేయండి. డెబియన్ (ఉచిత లైనక్స్) ఎక్కించేటప్పుడు డెస్క్‌టాప్ టిక్కు తీసి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ (వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే దారి) ఒక్కటే ఉంచండి. తర్వాత పాస్‌వర్డ్ లాగిన్ మూసి కీ ఫైలుతోనే రానివ్వండి.

అసలు చిక్కు నెట్ కనెక్షన్‌లో ఉంటుంది. రౌటర్ పేజీలో వాన్ ఐపీ (నెట్ వైపు అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (ఒకే బయటి ఐపీని చాలామంది కస్టమర్లకు పంచే పద్ధతి) వెనక ఉన్నట్టు. ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా బయటివాళ్లకు సైటు తెరుచుకోదు. సొంత డొమైన్ కొని క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ (మీ డబ్బా నుంచే బయటికి దారి తెరిచి సైటు చూపించే సేవ) పెట్టుకోవడం తేలిక దారి. లేదంటే ప్రొవైడర్ దగ్గర స్టాటిక్ ఐపీకి (మారని సొంత అడ్రసుకు) నెలనెలా కట్టాలి.

దీంట్లో మాకు నచ్చనిది పవర్ సప్లై. మదర్‌బోర్డు కనెక్టర్ 8 పిన్‌ది, పాడైతే మామూలు 24 పిన్‌ది నేరుగా ఎక్కదు, సప్లై సైజు కూడా వేరే. కాబట్టి కొనేముందు షాపులోనే అరగంట నడిపించి చూడండి, బయోస్ పాస్‌వర్డ్ తీయించుకోండి. యూపీఎస్ పెడితే రౌటర్‌నూ, ఫైబర్ డబ్బానూ దానికే తగిలించండి.