డూప్లికేట్ ఖాతాలు: కలిపేయడం మేలా, ముడి వేసి ఉంచడం మేలా?

గుంటూరులో ఒక ఎరువులు, పురుగుమందుల హోల్‌సేల్ దుకాణానికి కొన్నేళ్లు డేటాబేస్ పని చూశాను. చుట్టుపక్కల ఊళ్లలోని చిన్న డీలర్లే వాళ్ల కస్టమర్లు. సీజన్‌లో కౌంటర్ దగ్గర రద్దీ ఎక్కువ. పాత ఖాతా వెతికే తీరిక లేక కుర్రాళ్లు కొత్తది తెరిచేస్తారు. అలా ఒకే షాపు మూడు పేర్లతో నమోదవుతుంది. లక్ష దాటి అరువు ఇవ్వకూడదనుకున్న షాపుకు రెండు ఖాతాల మీద రెండు లక్షల సరుకు వెళ్లిపోతుంది. కాబట్టి వీటిని సరిచేయక తప్పదు. ఎలా అన్నదే ప్రశ్న.

మొదటి పద్ధతి కలిపేయడం. రెండో ఖాతాలోని బిల్లులు, రసీదులన్నీ మొదటి ఖాతాకు మార్చి, రెండోదాన్ని డిలీట్ చేస్తాం. రెండో పద్ధతి ముడి వేయడం. ఏదీ తీసేయం. రెండో ఖాతాలో 'అసలు ఖాతా ఫలానా' అని రాసి, కొత్త బిల్లులు పడకుండా మూసేస్తాం. బాకీ, లిమిట్ చూసేటప్పుడు మాత్రం రెండూ కలిపి లెక్క వస్తుంది.

కలిపేస్తే పని తేలిక. పాత రిపోర్టులేవీ మార్చక్కర్లేదు. ముడి వేస్తే ప్రతి రిపోర్టుకూ ఆ సంగతి తెలియాలి. ఒక్కదాన్ని మరిచిపోయినా అందులో బాకీ తప్పు చూపిస్తుంది. ఈ కష్టం చిన్నది కాదు. అందుకే నేనూ మొదట్లో కలిపేసేవాణ్ని.

ఒకసారి ఒకే ఇంటిపేరు, ఒకే ఇనిషియల్, ఒకే ఫోన్ నంబరు ఉన్న రెండు ఖాతాలు కలిపాను. అవి తండ్రివి, కొడుకువి. రెండు వేరు షాపులు. కొడుకు ఇచ్చిన చెక్కు తండ్రి పాత బాకీకి జమైంది. మూడు వారాల తర్వాత ఆ పెద్దాయన స్టేట్‌మెంట్ పట్టుకుని వచ్చాడు. అప్పటికి కొత్త బిల్లులు కూడా చేరి, ఏది ఎవరిదో చెప్పే గుర్తు డేటాబేస్‌లో లేకుండా పోయింది. బ్యాకప్ ఉంది కానీ, దాన్ని వెనక్కి తెస్తే మూడు వారాల వ్యాపారం పోతుంది. కాగితం బిల్లులు ముందేసుకుని రెండు రాత్రులు కూర్చుని విడదీశాం. ఆయన ముఖంలో కనిపించిన అనుమానం మాత్రం అంత త్వరగా పోలేదు.

ఇద్దరూ ఒకరేనని గుర్తుపట్టడంలోనే తప్పు జరుగుతుంది. ఫోన్ నంబరు ఇంటిల్లిపాదిదీ కావచ్చు. పైగా వాడకం ఆగిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీలు ఇంకొకరికి ఇవ్వవచ్చు. పేర్ల సంగతి ఇంకా ఘోరం. ఉచ్చారణను బట్టి పేర్లు పోల్చే సౌండెక్స్ 1918లో పేటెంట్ పొందిన పద్ధతి. ఒక ఇంగ్లిష్ అక్షరం, మూడు అంకెలతో కోడ్ ఇస్తుంది. వెంకటేశ్వర్లు, వెంకటరమణ, వెంకటరత్నం ముగ్గురికీ వచ్చేది వీ523 ఒక్కటే! మన జిల్లాల్లో దీన్ని నమ్మి కలిపితే సగం ఊరు ఒకే ఖాతాలో చేరుతుంది.

జీఎస్టీ నంబరు వీటన్నిటికంటే నయం. 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్, తర్వాతి పది పాన్. నాగార్జునసాగర్‌కు ఇటు మాచర్లలో ఒకటి, అటు నల్గొండ వైపు ఒకటి షాపులున్న డీలర్‌కు పాన్ ఒకటే, కానీ జీఎస్టీ నంబర్లు 37తో ఒకటి, 36తో ఒకటి. గుంటూరు నుంచి మాచర్లకు బిల్లు వేస్తే ఒకే రాష్ట్రం కాబట్టి సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) పడతాయి. నల్గొండకైతే రాష్ట్రం దాటే సరుకు మీద వేసే ఐజీఎస్టీ. ఈ రెండు ఖాతాలూ కలిపేస్తే పన్ను లెక్క చెడుతుంది, విడిగా వదిలేస్తే అరువు లెక్క చెడుతుంది. పాన్ మీద ముడి వేస్తే పన్ను విడిగా, అరువు కలిసి నడుస్తాయి. నా మనసు ముడి వైపు పూర్తిగా మొగ్గింది ఇక్కడే.

చట్టం కూడా అటే ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ జాడ ఉండాలి. జీఎస్టీ కింద లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే ఆనాటి పేరూ నంబరే రావాలి.

ఒక్క బిల్లూ లేని ఖాళీ ఖాతా అయితే డిలీట్ చేసేయండి, ఏ టెన్షన్ లేదు. బిల్లులున్నవి కలపక తప్పకపోతే, ప్రతి బిల్లు పాత ఖాతా నంబరూ ముందుగా వేరే టేబుల్‌లో రాసి పెట్టుకోండి. మార్పులన్నీ డేటాబేస్‌లో ఒకే ట్రాన్సాక్షన్‌గా జరగాలి, అంటే జరిగితే అన్నీ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు. 'ఆన్ డిలీట్ కాస్కేడ్' అనే డేటాబేస్ సెట్టింగ్ పెట్టి ఉందేమో తప్పకుండా చూడండి. అది ఉంటే, మార్చడం మరిచిన బిల్లులు ఖాతాతో పాటే పోతాయి.

ఆ దుకాణంలో తర్వాత ముడి పద్ధతికే వచ్చాం. అనుమానం వస్తే ముందు డీలర్‌కు ఫోన్ చేసి అడుగుతారు. మార్చి 31 నాటి బాకీ కాగితం మీద ఆయన సంతకం వచ్చాకే ముడి పక్కా అవుతుంది. సంతకం రానివి 'అనుమానం' గుర్తుతో విడిగానే ఉంటాయి.