తిరుపతి నుంచి కోరంగి మడ అడవికి రెండు రోజుల యాత్ర: చూసినవి, చూపించనివి

తిరుపతిలో ఒక యాత్రా సంస్థ నడిపే రెండు రోజుల మడ అడవుల యాత్రకు గత డిసెంబరులో ఇంటిల్లిపాదీ వెళ్లివచ్చాము. తిరుపతి నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా కాకినాడ చేరవచ్చు కనుక ప్రయాణం సుఖంగానే సాగింది. బస, భోజనాల విషయంలో వంక పెట్టవలసిందేమీ లేదు. కోరంగి అభయారణ్యంలోని చెక్క బాట మీద నడక బాగుంది గాని, ఆదివారపు రద్దీలో ఫొటోలు దిగేవారిని దాటుకుంటూ వెళ్లడానికే సమయమంతా సరిపోయింది.

యాత్రలో అసలు విలువైన భాగం పడవలో గడిచింది. మా పడవ నడిపినాయన ఒకప్పుడు అక్కడి వన సంరక్షణ సమితిలో (అటవీశాఖతో కలిసి అడవిని కాపాడే ఊరివారి సంఘం) సభ్యుడు, మడ పునరుద్ధరణకు కాలువలు తవ్వినవారిలో ఒకరు. గతంలో కలప కోసం మొదలంటా నరికిన చోట్ల నేల ఎండకు అణగి పళ్లెంలా గుంటపడిందనీ, పోటుకు (సముద్రం ఉబికినప్పుడు) లోపలికి వచ్చిన నీరు పాటుకు (వెనక్కి తగ్గినప్పుడు) తిరిగి పోలేక అక్కడే ఆవిరై ఉప్పు పేరుకుపోయిందనీ, అందుకే మొక్క మొలవలేదనీ ఆయన వివరించారు. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊరివారు కలిసి, చేప ముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వి ఆ నేలలోకి మళ్లీ పోటు నీటిని రప్పించారు. ఉప్పు కడుక్కుపోయిన తరువాతే కాలువ గట్ల వాలులో నల్ల మడ, తెల్ల మడ నాటారు. ఎర్రచందనం మొక్కకు బిందెలతో నీళ్లు మోయడం చూసిన మా బోటివారికి, సముద్రమే రోజుకు రెండుసార్లు తడిపే ఈ సేద్యం వింతగా తోచింది. తిల్ల చెట్టు కొమ్మను తుంచబోయిన మా అబ్బాయి చేతిని ఆయన చప్పున పట్టుకుని, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమని హెచ్చరించారు.

రెండో రోజు ‘మొక్క నాటే కార్యక్రమం’ మాత్రం నిరాశపరిచింది. అభయారణ్యం వెలుపల, ఒక గట్టు మీద మా చేత నలభై మొక్కలు నాటించి, బ్యానరు పట్టించి ఫొటోలు తీశారు. నారు సంచులు మోసుకొచ్చిన ఒక మహిళ మా ఆవిడతో, ‘‘పోటు నీరు ఇంతదాకా ఎక్కదండి, ఇవి బతకవు’’ అని మెల్లగా చెప్పారు. ఆమెను ముందే అడిగి ఉంటే చోటు మారేది. ఆ పూట కాలువల్లో పూడిక తీసే పని చూపించినా, ఆ పడవాయన చేతనే మరో గంట మాట్లాడించినా డబ్బుకు తగిన ఫలం దక్కేది. వాకాడు వైపు మన తిరుపతి జిల్లాకూ తీరం ఉందన్న సంగతి ఇక్కడివారికే తట్టని రోజుల్లో, అటువంటి మాటల అవసరం ఎంతైనా ఉంది.

అయినా పడవ కోసం ఈ యాత్రకు వెళ్లవచ్చును. ఆ రోజు పోటు ఏ వేళకు వస్తుందో ముందే అడిగి తేదీ ఖాయం చేసుకోవాలి. లేకుంటే మాకు జరిగినట్టే పడవ బురదలో ఆగిపోయి, గంటన్నర సేపు దోమల మధ్య కూర్చోవలసి వస్తుంది.