పాత హారర్ సినిమాల డిస్కులు కొనేవాళ్ళూ, ఆ ఒంగోలు అన్నతో జాగ్రత్త

పేరు రాయను. రాయకపోయినా మీకు తెలుసు. పాత డిస్కుల పిచ్చి ఉన్నవాళ్ళలో ఆయన నంబరు లేని ఫోను ఉండదు. నిన్న రాత్రి పదిన్నర దాకా నా ఫోనులో కూడా ‘ఒంగోలు అన్న’ అనే ఉంది. ఇప్పుడు పేరు మార్చాను. ఏమని మార్చానో ఇక్కడ రాస్తే బాగుండదు.

గబగబా చెప్పేస్తాను, తల తిరిగిపోతోంది. పన్నెండు డిస్కులు, 6,500 రూపాయలు. అన్నీ మొదట వచ్చిన సినిమాలే కావాలి, రీమేకులు వద్దు అని వాట్సాప్‌లో పేర్లూ సంవత్సరాలూ రాసి పంపాను. రెండు వేలు ఫోన్‌పే చేశాను. కొరియర్‌లో పగిలిపోతాయి అన్నాడు, నేనూ తలకాయ ఊపాను. తొమ్మిది రోజుల కిందట, శనివారం, నెల్లూరులో పినాకిని ఎక్కి ఒంగోలు వెళ్ళి మిగతా నాలుగున్నర వేలు చేతిలో పెట్టి సంచి తెచ్చుకున్నాను. స్టేషను బయట టీ కూడా నా డబ్బులతోనే తాగాడు. తాగుతూ, “అన్నా, నీలాంటోళ్ళు ఉండబట్టే పాత సినిమాలు ఇంకా బతికుండాయి” అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయి ఇంకో టీ చెప్పాను. అట్లాంటి వెధవని నేను.

కవర్లు అన్నీ చూశాను, అది మాత్రం నిజం. ‘సైకో’ కవరు మీద 1960 అని ఉంది, దర్శకుడు హిచ్‌కాక్ పేరు ఉంది. కవరు తెరిచి లోపలి డిస్కు చూడాలన్న బుద్ధి పుట్టలేదు. బండి కొనేటప్పుడు కిక్కు కొట్టి చూస్తాం, పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూస్తాం. ఆరున్నర వేల సరుకును అట్టముక్క చూసి తెచ్చుకున్నాను.

మరుసటి రోజు ఆదివారం. మేనల్లుడు, వాడి స్నేహితులు ఇద్దరు వచ్చారు. మీరు ఫోన్లో చూసే దెయ్యాలు దెయ్యాలే కాదు రా, ఈరోజు అసలు సంగతి చూపిస్తా అని వారం నుంచీ డప్పు కొట్టుకున్నాను కదా. బొరుగుల మిక్చరు గిన్నె మధ్యలో పెట్టి, లైట్లు ఆర్పి, ‘సైకో’ వేశాను. పేర్లు పడుతున్నాయి. అదే సంగీతం, వయొలిన్లు కోసినట్టు. అంతలో తెర మీద రంగులు.

“మామా, నలుపు తెలుపు అన్నావే?” అన్నాడు వాడు.

నేను ఊరుకోవచ్చు కదా. “ఈ మధ్య పాతవాటికి రంగులేస్తున్నారు లేరా, 2010లో మాయాబజార్‌కు వెయ్యలేదా?” అన్నాను. పైగా రంగులు ఎంత బాగా కుదిరాయో అని మెచ్చుకున్నాను కూడా. ఇంకాసేపటికి ఆ అమ్మాయి ఆఫీసు డబ్బు తీసుకుని పారిపోయే ఘట్టం వచ్చింది. 1960 సినిమాలో అది నలభై వేల డాలర్లు. ఇక్కడ నాలుగు లక్షలు అంటున్నారు. అప్పుడు నా నెత్తిన పిడుగు పడింది. ఇది 1998లో గస్ వాన్ సాంట్ తీసిన రీమేకు. పాతదాన్ని షాటు షాటుకూ దింపేసిన సినిమా.

ఆ రీమేకు మీద నాకు పాత పగ ఉంది, ఉన్నమాట చెబుతాను. స్నానాలగది సీనులో హిచ్‌కాక్ రక్తం బదులు చాక్లెట్ సిరప్ వాడాడు. నలుపు తెలుపులో అది రక్తమే. చెంబులో నీళ్ళలా జాలీలోకి తిరుగుతూ పోతుంటే మనకు మనమే దానికి ఎరుపు వేసుకుంటాం, కడుపులో తిప్పుతుంది. రంగుల్లో నిజంగా ఎర్రగా చూపిస్తే ఆ పని మనకు మిగలదు. కొత్తగా చెప్పేది లేనప్పుడు ఎందుకు తీసినట్టు? మా పిల్లలైతే ఆ సీనుకు మిక్చరులో పల్లీలు ఏరుకుంటున్నారు.

మిగతావి ఒక్కోటి పెట్టి చూశాను. ‘ఈవిల్ డెడ్’ కవరు 1981ది, లోపల 2013ది. మొదటిదానిలోని హీరో ఆష్ కోసం నేను చూస్తుంటే మియా అనే అమ్మాయి వచ్చింది. ఆ సినిమా చెడ్డదని అనను. రక్తానికి లోటు లేదు, వాన కురిపించాడు. కానీ మొదటిదానిలో చేతిలో డబ్బుల్లేని కుర్రవాళ్ళ తెగింపు ఉంటుంది, దానికి వెల కట్టలేం. ‘మణిచిత్రతాళు’ కవరులో, నవ్వకండి, మన ‘నాగవల్లి’ ఉంది. 1993 మలయాళం సినిమా కావాలి రా బాబూ, శోభనకు జాతీయ అవార్డు తెచ్చింది అని రాస్తే, అందులో దెయ్యం పేరు నాగవల్లి అని ఎక్కడో విని, చంద్రముఖికి 2010లో మనవాళ్ళు తీసిన సీక్వెల్ పెట్టాడు. ఆ మలయాళం కథే కన్నడంలో 2004లో, తమిళంలో 2005లో చంద్రముఖిగా, హిందీలో 2007లో వచ్చింది. చంద్రముఖిని నేనూ థియేటర్లో మూడుసార్లు చూసినవాణ్ణే, కాదనను. కానీ అసలు కథలో దెయ్యమే లేదు కదండీ! మనసుకు పట్టిన జబ్బు అది, అందుకే భయం. సీక్వెళ్ళ వాళ్ళకు ఆ ముక్క తప్ప మిగతా అన్నీ గుర్తున్నాయి, నగలూ నాట్యమూ పాతబంగళా.

పన్నెండులో సరైనది ఒక్కటే తగిలింది, వర్మ 1992లో తీసిన ‘రాత్రి’. అది పిల్లి చచ్చే దగ్గర ఆగిపోయింది. మూడుసార్లు తుడిచి పెట్టాను, మూడుసార్లూ పిల్లి దగ్గరే.

రాత్రి పదింటికి ఫోను చేశాను. ఇది పూర్తిగా రాయాలి, ఎందుకంటే డబ్బు కన్నా ఇదే మండుతోంది.

“ఏంది అన్నా, ఈ టైములో?”

“సైకో 1960ది అడిగితే 1998ది ఇచ్చావు.”

“పేరు అదే గదా?”

“పేరు అదే.”

“కథ?”

“కథా అదే, కానీ...”

“మరింకేంది నీ బాధ? నలుపు తెలుపు అడిగినావు, రంగుల్లో ఇచ్చినా. లెక్క ప్రకారం నువ్వే నాకు ఇంకో వంద ఇయ్యాల.”

వెనక నుంచి పకపకా నవ్వులు వినపడ్డాయి. ఇద్దరో ముగ్గురో. అంటే నన్ను స్పీకర్‌లో పెట్టి వినిపిస్తున్నాడు. టీ తాగేటప్పుడు నా కాలేజీ రోజుల్లో ట్రంకు రోడ్డు పక్కన వీసీపీ, అదే క్యాసెట్లు వేసే పెట్టె, అద్దెకు తెచ్చుకుని రాత్రంతా చూసిన సంగతులు చెప్పాను కదా, వాటిని కూడా అక్కడ కూర్చున్నవాళ్ళకు చెప్పినట్టున్నాడు. “క్యాసెట్ల అన్న ఈయనే రా” అని ఎవడో అన్నాడు. ఆ తర్వాత ఒంగోలు అన్న గొంతు: “దెయ్యం ఏ సంవత్సరందైతే ఏంది అన్నా, భయపడ్డావా లేదా చెప్పు!”

నాకు నోట మాట రాలేదు. భయపడలేదు రా, అదే గొడవ అని చెప్పాల్సింది. ఫోను పెట్టేశాక, రాత్రి రెండింటికి తట్టింది.

డిస్కులు తిరగేసి ఫోటోలు తీసి పంపాను. కింది వైపు వెండిలా మెరవాలి, ఇవన్నీ నేరేడుపండు రంగు. ఇంట్లో కంప్యూటర్‌లో బర్న్ చేసిన కాపీలు. అరగంటకు జవాబు వచ్చింది: “ఏడు రోజుల్లో డబ్బులు వేస్తా, గోల చెయ్యబాకు.”

ఏడు రోజులు! సంచిలో ‘రింగ్’ కూడా ఉంది మరి. 1998 జపాన్‌ది అడిగితే 2002 అమెరికాది ఇచ్చాడు. ఆ సినిమాలో శాపం ఉన్న వీడియో టేపు చూసినవాడికి ఫోను వస్తుంది, ప్రాణానికి ఏడు రోజులు గడువు. చెప్పినట్టే ఏడో రోజుకు బావిలోంచి దెయ్యం వస్తుంది, ఒక్క రోజు కూడా అటూ ఇటూ కాదు. మనవాడి గడువు నిన్నటితో అయిపోయింది. డబ్బు రాలేదు, నా నంబరు బ్లాక్ అయింది. ఆ కథలో టేపుకు కాపీ తీసి ఇంకొకడికి అంటగడితేనే ప్రాణం దక్కుతుంది. ఆయన దాన్నే బతుకుతెరువు చేసుకున్నాడు.

పోయిన రెండు వేల ఫోన్‌పే రశీదు ఉంది, చేతికిచ్చిన నాలుగున్నర వేలకు టీ గ్లాసే సాక్షి. మా ఆవిడకు మొత్తం రెండు వేలనే చెప్పాను. ఆమెకు తెలిసినవాళ్ళు ఇది చదువుతుంటే దయచేసి అక్కడే మింగేయండి.

ఆ, జాగ్రత్తలు అంటారా. కవరు కాదు, డిస్కు తిరగేసి చూడండి. ఊదా మెరుపు కనపడితే లేచి వచ్చేయండి. మధ్య రంధ్రం చుట్టూ సన్నగా అచ్చేసిన నంబరు ఉంటుంది, దాన్నీ చూడండి. దర్శకుడి పేరూ, నిడివీ రాసి ఇవ్వమనండి, ఎందుకంటే జపాన్ రింగ్ గంటన్నర పైచిలుకు, అమెరికాది దాదాపు రెండు గంటలు. నగదు ఇవ్వబాకండి. టీ తాగించబాకండి.

సైకో రంగుల డిస్కు ఎవరికైనా కావాలంటే నెల్లూరు దర్గామిట్ట వచ్చి ఊరికే తీసుకుపోండి. ఈవిల్ డెడ్ మేనల్లుడు పట్టుకుపోయాడు, వాడికి తెగ నచ్చింది. అమెరికా రింగ్ మాత్రం ఇవ్వను. ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు కానీ, మొన్న ఒక్కణ్ణే కూర్చుని మళ్ళీ చూశాను, బాగానే తీశారు.