‘వారంలో రాత్రంతా నిద్ర’ ప్యాకేజీ కొనబోతున్నారా? కాస్త ఆగి ఇది చదవండి

మా పాపకి ఇప్పుడు నాలుగో నెల. తను అయిదు వారాల పిల్లగా ఉన్నప్పుడు నేను తగలేసిన 4,999 రూపాయల కథ ఇది. అమ్మినవాళ్ల పేరు రాయను. ఇలాంటివి బోలెడున్నాయి, అందరి మాటలూ ఒకేలా ఉంటాయి.

అప్పుడు పుట్టింట్లో ఉన్నాను. పిల్ల పగలంతా పడుకునేది, రాత్రి పదకొండు దాటితే కళ్లు విప్పేది. మూడింటికి ఒళ్లో పిల్ల, చేతిలో ఫోను. అలాంటి వేళలో ఆ ప్రకటన కనిపిస్తే ఎవరైనా కొంటారు.

నల్ల కర్టెన్లు, బరువు నింపిన స్లీప్ శాక్ (పిల్లకి తొడిగి పడుకోబెట్టే సంచి లాంటి బట్ట), ఒక చార్టు పుస్తకం ఇంటికొచ్చాయి. వాట్సాప్‌లో ‘స్లీప్ కోచ్’ ఒకావిడ. గది ఎప్పుడూ చీకటిగా ఉంచమంది, రాత్రి పది నుంచి అయిదు దాకా పాలు ఇవ్వొద్దంది, ఏడ్చినా ఎత్తుకోవద్దంది. మూడు రాత్రులు పళ్లు బిగించి చేశాను. నాలుగో రోజు పొద్దున్న లెక్క చూసుకుంటే, ముందురోజంతా తడిపిన లంగోటీలు నాలుగే. కనీసం ఆరైనా ఉండాలి. పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆ వయసులో రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. మాది వారం మొత్తానికి అరవై గ్రాములే పెరిగింది.

డాక్టరు గారు తిట్టలేదు, బొమ్మ గీసి చెప్పారు. కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసే చోటికి కాస్త పైన, మెదడులో చిన్న కణాల గుంపు ఉంటుందట. ఒంటికి అదే గడియారం. బిడ్డ పుట్టేసరికే అది ఉంటుంది, కానీ మిగతా ఒళ్లు దాని మాట ఇంకా సరిగ్గా వినదు. కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి మెలటోనిన్ (రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోను) మాయ దాటి బిడ్డకి అందుతుంది, పుట్టాక ఆ దారి మూసుకుపోతుంది. రాత్రి కాగానే సొంత మెలటోనిన్ పెరగడం సుమారు 9 నుంచి 12 వారాల మధ్య మొదలవుతుంది. అందాకా రోజుకి 14 నుంచి 17 గంటలు పడుకున్నా ముక్కలు ముక్కలుగానే, పాలకి లేస్తూ. 1953లోనే క్లైట్‌మన్, ఎంగెల్‌మన్ అనే పరిశోధకులు 19 మంది శిశువుల నిద్రని వారాల తరబడి రాసి చూపించారు, ఇది మెల్లమెల్లగా కుదురుకునేదేనని. అంటే అయిదు వారాల పిల్లకి ఇంకా రానిదాన్ని నాకు వారంలో ఇస్తామని అమ్మారు!

నన్ను ఎక్కువ మండించింది కర్టెన్లు. ఆ గడియారాన్ని దిద్దేదే వెలుతురు. పగలు కిటికీలు తెరిచి ఇంటి సందడిలో ఉంచాలి, రాత్రి పాలిచ్చేటప్పుడు చిన్న దీపం చాలు, మాటలూ ఆటలూ వద్దు. నేనేమో డబ్బిచ్చి పట్టపగలు చీకటి కొనుక్కున్నాను. (బాలింత గదని మా అమ్మమ్మ కూడా కిటికీలు మూసేది. కాకపోతే ఊరికే మూసేది. ‘మూడో నెల దాకా పిల్లకి పగలూ రాత్రీ తెలీదే, ఓపిక పట్టు’ అన్నదీ ఆవిడే.) ఇంకోటి, రాత్రి తల్లిపాలలో మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు. సరిగ్గా ఆ రాత్రి పాలనే మాన్పించారు.

బరువు శాక్ సంగతి డాక్టరు గారు చెప్పేదాకా నాకు తెలీదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లోనే పసిబిడ్డల నిద్రకి బరువున్న బట్టలు, దుప్పట్లు వాడొద్దని చెప్పింది. అదే వారంలో కోచ్ ‘నాచురల్ మెలటోనిన్ చుక్కలు’ కూడా అంటగట్టబోయింది. దేవుడి దయ, అది కొనలేదు.

ఇక రీఫండు. ‘వారం గ్యారంటీ’ అని పెద్దక్షరాల్లో ఉంది. అడిగితే, ఏడు రోజులూ ప్రతి పావుగంట గడీ నింపిన చార్టు పంపాలట. మూడు రోజులకే ఆపేశాను కాబట్టి ‘ప్రోగ్రాం పాటించలేదు’ అన్నారు. పిల్ల తూకం చీటీ పంపితే జవాబు లేదు, పైగా వాట్సాప్‌లో పాత మెసేజులు ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది. రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి. నా దగ్గర మిగిలిన నాలుగింటితో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. ఇంకా తేలలేదు.

బిడ్డకి ఎన్ని వారాలో, బరువెంతో అడక్కుండా డబ్బు కట్టించుకునేవాళ్ల దగ్గర కొనకండి. మూడు నెలల్లోపు పిల్లకి రాత్రి పాలు ఆపమన్నవాళ్ల మాట అసలు వినకండి.

పోయిన వారం నుంచి మా పాప తొమ్మిదికి పడుకుని రెండింటి దాకా లేవడం లేదు. నల్ల కర్టెన్లు మడిచి అటక మీద పడేశాం. చార్టు పుస్తకంలో అమ్మ పాలవాడి లెక్క రాసుకుంటోంది, గడులు బాగా పనికొస్తున్నాయట.