పాత ట్రక్ క్యాంపర్‌ని ఖాళీ చేసి నాలుగేళ్లు వాడాక

పికప్ వెనక బెడ్‌లో ఎక్కించే పాత క్యాంపర్ (లోపలే పడుకుని వండుకునే చిన్న గది లాంటిది) కొని, లోపల సామాను చాలావరకు పీకేసి, నాలుగేళ్లుగా నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు దాంట్లోనే క్యాంపింగ్‌కి వెళ్తున్నాం. ఇలా చేద్దామా అని చూసేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

అసలు గొడవ బరువుది. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద పేలోడ్, అంటే బండి మోయగల బరువు, ఎంతో రాసుంటుంది కదా, అందులో మనుషుల బరువు కూడా కలిసే ఉంటుంది, ఆ సంగతి నాకు తెలీదు. వేబ్రిడ్జి ఎక్కిస్తే క్యాంపర్, నీళ్లు, మేం నలుగురం అన్నీ కలిపి లిమిట్ దాటేశాం. 80 లీటర్ల వాటర్ ట్యాంకు నింపితే అదే 80 కిలోలు. అందుకని గ్యాస్ ఫ్రిజ్, గీజర్, టాయిలెట్ దాని ట్యాంకుతో సహా, హీటర్ అన్నీ తీసేశా. ఆ ఫ్రిజ్ బండి లెవెల్‌గా నిలబెడితేనే సరిగ్గా చల్లబడేది, హీటర్ లోపలంతా తుప్పు, కార్బన్ మోనాక్సైడ్ భయంతో ఎలాగూ వాడలేకపోయేవాళ్లం. ఇప్పుడు ఐస్ బాక్సు, నీళ్ల క్యాన్లు, చిన్న పోర్టబుల్ టాయిలెట్, వంట బయటే. నాలుగేళ్లలో ఫ్రిజ్ కావాలని ఎవరూ అడగలేదు.

కానీ ఒక పెద్ద తప్పు చేశా, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. ఊపులో ఒక పక్క కప్‌బోర్డులు కూడా మొత్తం ఊడదీశా. పాత క్యాంపర్లలో గోడలు సన్నటి చెక్క ఫ్రేమే, కప్పుని గోడని కలిపి పట్టుకునేది ఆ కప్‌బోర్డులే. మొదటి ట్రిప్‌లో గతుకుల రోడ్డు మీద కప్పు ఊగి పైన జాయింటు విచ్చుకుంది, తర్వాతి వానకి నీళ్లు లోపలికి దిగి ఒక మూల చెక్క మెత్తబడిపోయింది. కుళ్లిన ముక్క కోసేసి కొత్తది వేసి, ప్లైవుడ్ పార్టిషన్ నిలబెట్టి, జాయింట్ల మీది పాత సిలికాన్ అంతా గీకేసి బ్యూటైల్ టేపు (నీళ్లు దిగకుండా జాయింట్లలో వేసే మెత్తటి జిగురు టేపు) వేశాక గానీ కుదురుకోలేదు. కప్‌బోర్డు తలుపులు తీసేయండి చాలు, గోడకి బిగించిన పెట్టె భాగం అలాగే ఉంచండి. ఫ్రిజ్, హీటర్ల బయటి వెంట్ రంధ్రాలు కూడా మూసి సీల్ చేయాలి, గ్యాస్ లైను ఉంచితే చివర క్యాప్ బిగించి సబ్బునీళ్లతో లీకు చూసుకోవాలి.

చలి రాత్రుళ్లు హీటర్ లేని లోటు తెలుస్తుంది, అది నిజం, దుప్పట్లు ఎక్కువ మోయాల్సిందే. నలుగురి ఊపిరికి పొద్దున్నే కిటికీలు కారుతుంటాయి, పరుపు అడుగున చెమ్మ పట్టేది, కింద చెక్క పట్టీలు వేసి పైకప్పులో గాలి పోయే వెంట్ కొంచెం తెరిచి పడుకుంటే ఆ బాధ చాలా తగ్గింది.

నాకు బాగా నచ్చింది మధ్యలో మిగిలిన ఖాళీ నేల. వాన పడ్డ రోజు పిల్లలిద్దరూ అక్కడే బోర్లా పడుకుని బొమ్మలేసుకుంటారు, ముందు ఆ చోట్లో ఒక్కరం కూడా సరిగ్గా తిరగలేకపోయేవాళ్లం. బయల్దేరడానికి అరగంట కూడా పట్టట్లేదు కాబట్టి శుక్రవారం సాయంత్రం అనుకుని కూడా వెళ్లిపోతున్నాం.

ఆ పైకప్పు వెంట్ చుట్టూ టేపు పాతబడింది, వానలు మొదలయ్యేలోపు అది విప్పి కొత్తది వేయాలి.