చినార్ ఎరుపు కోసం శ్రీనగర్‌లో ఆరు రోజులు

కశ్మీర్ ప్యాకేజీ కావాలని ఎవరిని అడిగినా గుల్మార్గ్ ఒక రోజు, పహల్గాం రెండు రోజులు, సోన్‌మార్గ్ ఒక రోజు, శ్రీనగర్‌లో హౌస్‌బోట్ మీద ఒక రాత్రి అని గడగడా చెప్పేస్తారు. మంచు చూడాలనుకునే వాళ్లకు అది సరిపోతుంది. ఆకుల రంగులు ఫొటో తీయాలని వెళ్లేవాళ్లకు మాత్రం సరిపోదు. 2023 నవంబర్ మొదటి వారంలో నేనూ మా అక్కా గుంటూరు నుంచి కెమెరాలు మోసుకుంటూ వెళ్లి ఆరు రోజులున్నాం. గోడకు పెట్టుకోదగ్గ ఫొటోలన్నీ శ్రీనగర్‌లోనే, దాని చుట్టుపక్కలే దొరికాయి.

కారణం చెట్లే. గుల్మార్గ్ చుట్టూ ఉన్నవి దేవదారు జాతి చెట్లు, ఏడాదంతా పచ్చగానే ఉంటాయి. కింద గడ్డి ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది, అంతే. పహల్గాంలో పోప్లార్ చెట్లూ విల్లో చెట్లూ అక్టోబర్ మధ్యలో పసుపు ముద్దల్లా ఉంటాయట, మేం వెళ్లేసరికి సగం కొమ్మలు బోడిగా ఉన్నాయి. అందరికంటే ఆలస్యంగా పండేది చినార్. అక్టోబర్ చివర్లో పసుపెక్కి, నవంబర్ మొదటి రెండు వారాల్లో ఎర్రబడుతుంది. ఈ కాలాన్ని అక్కడివాళ్లు హరుద్ అంటారు.

చినార్ ఆకు చూడగానే మా అక్క "ఆముదం ఆకులా ఉందే!" అంది. నిజమే, అరచేయంత వెడల్పు, వేళ్లలా చీలిన అంచులు. ఒక్క ఆకులోనే రంగులన్నీ ఉంటాయి. ముందు అంచులు ఇటుక రంగుకు వస్తాయి, ఆకు ఈనెల పక్కన ఇంకా పచ్చదనం మిగిలే ఉంటుంది, మధ్యలో పసుపు. పూర్తిగా పండితే మా మిర్చి యార్డులో రాశి పోసిన పండుమిరప రంగు. రాలి రెండు రోజులైతే ఎండుమిర్చి రంగు. కాలు వేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడు.

ఒక్కచోటికే వెళ్లగలిగితే నసీమ్ బాగ్‌కు వెళ్లండి. దాల్ సరస్సుకు పడమటి వైపు, హజ్రత్‌బల్ దర్గా పక్కన, కశ్మీర్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. మొఘలుల కాలంలో వేసిన తోట. వరసలుగా నిలబడ్డ చినార్లు, కొన్నింటి మొదలు చుట్టూ చేతులు చాపాలంటే నలుగురైదుగురు కావాలి. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి, ఫొటోలు తీసుకుంటామని చెప్పాం, పంపించారు. పూలమొక్కలు, ఫౌంటెన్లు లేవు. పుస్తకాలు పట్టుకుని నడిచే పిల్లలు, చెట్లు, రాలిన ఆకులు, అంతే. నాకు మిగతా మొఘల్ గార్డెన్స్ కన్నా ఇదే నచ్చింది.

పొద్దున నిషాత్ తోటలో, సాయంత్రం నసీమ్‌లో తిరగాలని పారశీకంలో ఒక పాత మాట ఉంది. అది షికారుకు చెప్పింది. కెమెరాకు దాని ఉల్టా, పొద్దున నసీమ్, సాయంత్రం నిషాత్, బాగా కుదిరింది. ఆ వారంలో సూర్యోదయం ఏడు గంటలకు కాస్త ముందు. తూర్పున జబర్వాన్ కొండలు అడ్డం కాబట్టి ఎండ చెట్ల మీదికి రావడానికి ఇంకొంతసేపు పడుతుంది. ఆ ఎండ సరస్సు మీదుగా ఏటవాలుగా వస్తుంది. దానికి ఎదురుగా నిలబడి తీస్తే ప్రతి ఆకూ లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుంది. సాయంత్రం సూర్యుడు సరస్సు అవతలికి దిగుతాడు. అప్పుడు కొండవాలులో పన్నెండు మెట్లుగా కట్టిన నిషాత్ తోట మొత్తం ఎదురు వెలుగులో బంగారంలా ఉంటుంది. నూర్జహాన్ అన్న ఆసఫ్ ఖాన్ వేయించిన తోట ఇది. సెల్ఫీల గుంపులుంటాయి, పై మెట్టుకు ఎక్కితే పల్చబడతాయి.

మూడో రోజు పొద్దున నసీమ్ బాగ్‌లో పొగ కనిపించింది. ఇద్దరు ఆడవాళ్లు రాలిన ఆకుల్ని పొడవాటి చీపుర్లతో కుప్పలు పోసి కాలుస్తున్నారు. నల్లబడగానే మంట ఎగరకుండా నీళ్లు చిలకరించి ఆర్పేస్తున్నారు. ఆ బొగ్గు చలికాలంలో కాంగ్రీలో వేసుకోవడానికి. కాంగ్రీ అంటే చుట్టూ బుట్ట అల్లిన మట్టి కుంపటి, ఫిరన్ అనే పొడవాటి వదులు అంగీ లోపల పెట్టుకుని తిరుగుతారు. పొగలోంచి ఎండ చారలు చారలుగా దిగుతోంది. ఫొటో తీయొచ్చా అని వచ్చీరాని హిందీలో అడిగితే, ముఖాలు వద్దు, చేతులు తీసుకోండి అన్నారు. చేతులే తీశాం. "ఒసేయ్, వేళ్లు కొంకర్లు పోతున్నాయి, ఇక చాలే" అని అక్క, "ఇంకో పది నిమిషాలు అక్కా" అని నేను. పొద్దున అక్కడ చలి రెండు మూడు డిగ్రీలు. స్పేర్ బ్యాటరీలు స్వెటర్ లోపలి జేబులో పెట్టుకోకపోతే చార్జ్ ఇట్టే పడిపోతుంది.

కెమెరా సంగతి రెండు ముక్కలు. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ వెచ్చదనాన్ని చల్లార్చేస్తుంది, డేలైట్‌లో పెట్టేయండి. ఎరుపు త్వరగా ముద్దకట్టి ఈనెలు మాయమవుతాయి, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి. పోలరైజర్ ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి. ఆకుల మీది తళుకును అదొక్కటే తీసేయగలదు. డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. బంకర్ల వైపు, చెక్‌పోస్టుల వైపు కెమెరా ఎత్తకండి.

బస విషయంలో నేను పొరపాటు చేశాను. మొదటి రెండు రాత్రులు హౌస్‌బోట్ బుక్ చేశాను. వాల్‌నట్ చెక్క మీద చెక్కిన పనితనం చూసి తీరాలి, అందులో సందేహం లేదు. కానీ మాకు చెప్పిన సరస్సు వైపు గది వేరేవాళ్లకు ఇచ్చేశారు, హీటర్‌కు అదనంగా డబ్బు అడిగారు, రాత్రి పదింటికి దాన్నీ ఆపేశారు. పైగా ఎక్కడికి కదలాలన్నా శికారా పడవ కోసం కాచుకోవాలి, తెల్లవారుజామున బయల్దేరేవాళ్లకు అది పెద్ద టెన్షన్. మూడో రోజు హజ్రత్‌బల్ వైపు ఒక ఇంట్లో నడుపుతున్న గెస్ట్‌హౌస్‌కు మారాం, రాత్రికి 2,200 రూపాయలు. మంచంలో రబ్బరు సంచిలో వేడినీళ్లు పెట్టి ఇచ్చారు, నసీమ్ బాగ్‌కు నడిచి వెళ్లాం. హౌస్‌బోట్‌లో ఒక్క రాత్రి చాలు, హీటర్ సంగతి ముందే రాతపూర్వకంగా అడగండి.

పహల్గాంకు కారులో వెళ్లాం. బయటి కారు అక్కడి దాకే, ఆరు అనే పేరున్న లోయకూ, బేతాబ్ లోయకూ స్థానిక యూనియన్ టాక్సీ వేరే మాట్లాడుకోవాలి. ఆ ఖర్చు మాకు దండగే అయింది. ఆ రోజును నిలబెట్టింది దారిలోని బిజ్‌బెహారా. ఝీలం ఒడ్డున పాత మొఘల్ తోటలో పెద్ద పెద్ద చినార్లు, జనం లేరు. అక్కడ ఆగుదామన్నది మా డ్రైవరే. అతనికి రోజుకు 3,000 ఇచ్చాం, ఇంకాస్త ఇచ్చినా బాధపడేదాన్ని కాదు.

తిండికి ఇబ్బంది లేదు. వాళ్లూ మనలా అన్నం తినేవాళ్లే. హాఖ్ అనే ఆకుకూర, పెరుగులో ఉడికించిన తామరతూళ్లు, రాజ్మా. పొద్దున్నే రొట్టెల కొట్లో వేడివేడి గిర్దా. ఫోన్‌కు పోస్ట్‌పెయిడ్ ఉండాలి, బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయలేదు. తిరుగు ప్రయాణంలో శ్రీనగర్ ఎయిర్‌పోర్టుకు మూడు గంటల ముందే చేరండి, తనిఖీలు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి.

చివరి రోజు పాంపోర్ వెళ్లాం, కుంకుమపువ్వు పొలాలకు. పూత చివరికొచ్చింది, పొలంలో అక్కడక్కడే ఊదారంగు మిగిలింది. ఒక ఇంటి వాకిట్లో దుప్పటి మీద పూలు పోసుకుని ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. ఒక్కో పువ్వునూ విప్పి, లోపలి మూడు ఎర్రటి పోగులు తీసి పళ్లెంలో వేస్తున్నారు. అడిగితే కూర్చోమన్నారు, కహ్వా అనే టీ ఇచ్చారు. పెద్దావిడ వేలికొసలు పసుపు దంచినట్టు పచ్చగా ఉన్నాయి. ఆ వేళ్ల మధ్య ఊదా పువ్వు, వాకిట్లో పడ్డ ఒక చినార్ ఆకు, రెండూ ఒకే ఫ్రేములో వచ్చాయి.